సైకిల్ డిస్క్ బ్రేకులో బైకు బ్రేకాయిల్ పోయించొచ్చా?

ప్రశ్న: అన్నయ్య గారూ నమస్తే. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో గేర్ల సైకిల్ కొన్నాను, షిమానో హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. కొన్నప్పుడు బానే ఉన్నాయి. మొన్న వరద తగ్గాక ఏటిగట్టు మీద తిరిగితే బురద బాగా పట్టేసిందని బైకుల వాటర్ సర్వీసింగ్‌లో కడిగించాను. తర్వాత ఒకసారి అమలాపురం నుంచి ట్రాలీ ఆటోలో తిరగేసి పెట్టి తెచ్చాను. ఇప్పుడు ముందు బ్రేకు వీధంతా వినపడేలా కీచుమంటుంది, సరిగ్గా ఆగట్లేదు కూడా. వెనక బ్రేకు లివర్ నొక్కితే హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, నాలుగైదుసార్లు కొడితే గట్టిపడుద్ది, మళ్లీ కాసేపటికి మామూలే. మా ఊరి బైకు మెకానిక్ "బ్రేకాయిల్ తగ్గిపోయింది, రెండొందలివ్వు పోసేస్తా" అంటున్నాడు. నెలాఖరుకి ఫ్రెండ్స్‌తో మారేడుమిల్లి వెళ్దామనుకుంటున్నాం. పోయించెయ్యమంటారా?

సమాధానం: తమ్ముడూ, పోయించొద్దు. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత మిగతావి మాట్లాడతాను, ఎందుకంటే నువ్వు ఇది సగం చదివి ఆపేసినా పర్లేదు గానీ ఆ ఆయిల్ మాత్రం నీ సైకిల్లో పడకూడదు. బైకులకి పోసే బ్రేకాయిల్ డాట్ 3 గానీ డాట్ 4 గానీ అయి ఉంటది, అది గ్లైకాల్ రకం. షిమానో సైకిల్ బ్రేకుల్లో ఉండేది మినరల్ ఆయిల్. చూడ్డానికి రెండూ నూనెలాగే ఉంటాయి కానీ లోపలున్న రబ్బరు సీళ్లు ఒకదాని కోసం చేసినవి ఇంకోదానికి తట్టుకోవు. డాట్ ఆయిల్ పడ్డ షిమానో బ్రేకులో సీళ్లు మెల్లగా ఉబ్బి మెత్తబడిపోతాయి, మొదటి రోజు బ్రహ్మాండంగా పనిచేసినట్టే ఉంటది, తర్వాత లివర్ నొక్కితే వెనక్కి రాదు, డిస్క్ ప్లేటుని పట్టి ఆపే ప్యాడ్లని నెట్టే పిస్టన్లు ఇరుక్కుపోతాయి, ఆయిల్ కారడం మొదలవుద్ది. ఆ సీళ్లు షిమానో వాళ్లు విడిగా అమ్మరు, అంటే లివరు, క్యాలిపరు (చక్రం దగ్గర ఆ పిస్టన్లు, ప్యాడ్లు ఉండే దిమ్మ), పైపు అన్నీ కలిపి కొత్తది కొనాల్సిందే. రెండొందల పనికి వేలు పోతాయి, పైగా అది తెలిసేది నువ్వు లారీ వెనకాల బ్రేకు కొట్టినప్పుడు.

మీ మెకానిక్ మీద కోపం తెచ్చుకోకు. ఆయన రోజూ చేసే బళ్లన్నిటికీ డాట్ ఆయిలే, హైడ్రాలిక్ డిస్క్ ఉన్న సైకిళ్లు మన లంకల్లో, పల్లెల్లో తిరగడం మొదలై ఎన్నాళ్లయిందని. చేతి పనితనం ఆయనకి ఉంది, ఆయిల్ రకం ఒక్కటి చెప్తే చాలు. అసలు చాలా సైకిళ్లకి లివర్ దగ్గరున్న చిన్న ట్యాంకు మూత మీదో పక్కనో ఏ ఆయిల్ వాడాలో ఇంగ్లీషులో చెక్కి ఉంటది, బురద తుడిచి టార్చి వేసి చూడు, ఆయనకి కూడా చూపించు. షిమానో, టెక్ట్రో, మగురా మినరల్ ఆయిల్ వాళ్లు. స్రామ్ వాళ్లవి ఎక్కువ శాతం డాట్ 5.1, కాకపోతే ఈమధ్య వచ్చిన డీబీ8, మేవెన్ లాంటివి మినరల్ ఆయిల్‌వి, కాబట్టి కంపెనీ పేరు చూసి కాకుండా మూత మీద రాత చూసే నిర్ణయం తీసుకోవాలి. డాట్ 5 అని ఇంకోటి ఉంది, అది సిలికాన్ రకం, నంబరు దగ్గరగా ఉంది కదా అని 5.1 బదులు అది పోస్తే అదీ తప్పే. మినరల్ ఆయిల్ అంటే ఏదో ఒక నూనే కదా అని కుట్టు మిషను నూనె పోసేవాళ్లూ ఉన్నారు, చిక్కదనం వేరు, లోపల కలిపే మందులు వేరు, వద్దు. కొబ్బరి నూనె మాట అయితే ఎత్తొద్దు, 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టే నూనె అది, మన కోనసీమలో సంక్రాంతి పొద్దున్న సీసాలో ఎలా ఉంటదో నీకు తెలుసు, అదే బ్రేకు పైపులో ఉంటే ఏమవుద్దో ఆలోచించు.

ఇంకో విషయం, "ఆయిల్ తగ్గింది" అన్న మాటే నాకు నచ్చలేదు. ఇది ఇంజనాయిల్లా తిరుగుతూ తిరుగుతూ ఖర్చయ్యేది కాదు. మూసేసిన వ్యవస్థ. ఆ చిన్న ట్యాంకులో మట్టం తగ్గిందంటే రెండే కారణాలు, ఒకటి ఎక్కడో కారుతుంది, రెండోది ప్యాడ్లు అరిగాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు కొంచెం కొంచెం ముందుకొచ్చి ఆగుతాయి, ఆ వెనక ఖాళీ అయిన చోటులోకి ట్యాంకులోంచి ఆయిల్ దిగుద్ది, అంతే. అరిగిన ప్యాడ్లు అలాగే ఉంచి పైన ఫుల్లుగా ఆయిల్ పోస్తే ఏమవుద్దంటే, తర్వాత కొత్త ప్యాడ్లు వేద్దామని పిస్టన్లు లోపలికి నెట్టినప్పుడు ఆ ఆయిల్ వెనక్కి వెళ్లడానికి చోటుండదు, పిస్టన్ పూర్తిగా లోపలికి పోదు, కొత్త ప్యాడ్ల మధ్య డిస్క్ ప్లేటు పట్టకుండా రాసుకుంటది. అందుకే ఎప్పుడైనా ముందు ప్యాడ్, తర్వాతే ఆయిల్.

ఇప్పుడు నీ ఉత్తరంలోకి వద్దాం. నువ్వు రెండు విషయాలు మాటవరసకి రాసేశావు, నాకు మాత్రం అసలు సంగతంతా వాటిల్లోనే కనపడింది. ఒకటి వాటర్ సర్వీసింగ్, రెండోది తిరగేసి తేవడం. మొదటిది ముందు బ్రేకుని పాడు చేసింది, రెండోది వెనక బ్రేకుని బయటపెట్టింది. రెండూ వేరు వేరు సమస్యలు, ఆయిల్ పోస్తే ఏదీ తీరదు.

బైకుల సర్వీసింగ్‌లో ఏం చేస్తారో ఒకసారి గుర్తు చేసుకో. ప్రెషర్ గన్నుతో నీళ్లు కొడతారు, చాలా చోట్ల బురద, గ్రీజు వదలడానికి ముందు డీజిల్ గానీ కిరసనాయిల్ గానీ కొడతారు, ఆఖర్న మెరవడానికి పాలిష్ స్ప్రే చేస్తారు. బైకుకి అదంతా నడిచిపోద్దేమో, సైకిల్ డిస్క్ ప్లేటు చూస్తే ఏ అడ్డూ లేకుండా బయటికే ఉంటది, ఆ డీజిల్ తుంపర, పాలిష్ తుంపర నేరుగా దాని మీద పడుద్ది, అక్కణ్ణుంచి ప్యాడ్‌లోకి ఎక్కుద్ది. ప్యాడ్ స్పాంజిలా సన్న సన్న రంధ్రాలతో ఉండే పదార్థం, ముఖ్యంగా రెజిన్ ప్యాడ్ (జిగురులాంటి రెజిన్‌తో కలిపి చేసింది), నూనె ఏది తగిలినా పీల్చేసుకుంటది. కీచుమని అరవడం, దానితోపాటు ఆగకపోవడం, ఈ రెండూ కలిసొచ్చాయంటే దాదాపుగా నూనె పట్టినట్టే. వానలో తడిసినప్పుడు కూడా డిస్కు అరుస్తది, కానీ అది నాలుగు బ్రేకులు కొడితే ఆరిపోయి తగ్గిపోద్ది, దానికి కంగారుపడక్కర్లేదు.

నువ్వు చేయాల్సింది చెప్తాను. ముందు చక్రం తీసెయ్. చక్రం తీశాక ఎట్టి పరిస్థితుల్లో ఆ లివర్ నొక్కకు, పక్కన పిల్లలుంటే వాళ్లని కూడా నొక్కనివ్వకు, మధ్యలో డిస్క్ ప్లేటు లేకుండా నొక్కితే పిస్టన్లు బయటికొచ్చేస్తాయి, తర్వాత చక్రం దూరదు. ప్యాడ్ల మధ్య దళసరి అట్టముక్క మడిచి పెట్టు, సైకిల్ కొన్నప్పుడు ఇచ్చిన ప్లాస్టిక్ ముక్క ఉంటే ఇంకా మంచిది. ప్యాడ్లు పట్టుకునే చిన్న పిన్ను గానీ స్క్రూ గానీ ఉంటది, అది తీస్తే ప్యాడ్లు, మధ్యలో రేకు స్ప్రింగు కలిపి బయటికొస్తాయి. వెలుతురులో చూడు. పైన అద్దంలా నున్నగా మెరుస్తుంటే అది కాలి గట్టిపడ్డ పొర, ఒక్కోసారి నల్లగా జిడ్డుగా మచ్చలుంటాయి, వాసన చూస్తే డీజిల్ వాసన కూడా తెలుస్తది. నున్నగా మెరిసేదైతే కొత్త గరుకు కాయితం బల్ల మీద పెట్టి ప్యాడ్‌ని దాని మీద గుండ్రంగా నాలుగుసార్లు తిప్పితే పై పొర పోయి మళ్లీ మసక రంగు వస్తది, ఆ పొడి మాత్రం పీల్చకు, ముక్కుకి గుడ్డ కట్టుకో. జిడ్డు లోపలికి దిగిపోయినదైతే మాత్రం మార్చేయడమే. గ్యాస్ పొయ్యి మీద కాలిస్తే నూనె ఆవిరైపోద్దని వీడియోల్లో చూపిస్తారు, నాకు దాని మీద నమ్మకం లేదు, ప్యాడ్‌ని రేకుకి అంటించిన జిగురు కూడా వేడికి దెబ్బతినొచ్చు, ఘాట్‌లో దిగేవాడు అలాంటి ప్యాడ్ మీద ఆధారపడకూడదు. మార్చినప్పుడు రెండు వైపులా కలిపే మార్చు, ఒకటి పాతది ఒకటి కొత్తది వద్దు.

ప్యాడ్ మందం కూడా అప్పుడే చూడు. షిమానోకి వెనక రేకు వదిలేసి రాసుకునే పదార్థం 0.5 మి.మీ. మిగిలితే మార్చేయాలి, స్రామ్ వాళ్లు రేకుతో కలిపి 3 మి.మీ. కంటే తగ్గితే మార్చమంటారు. నన్నడిగితే 1 మి.మీ. దగ్గరికొచ్చినప్పుడే కొత్తవి తెచ్చి ఇంట్లో పెట్టుకోవాలి, మన ఊళ్లలో అప్పటికప్పుడు దొరికే వస్తువు కాదు, కాకినాడో రాజమండ్రో వెళ్లాలి లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. పాత ప్యాడ్ వెనక రేకు మీద నంబరు ఉంటది, అది ఫోటో తీసి అదే తెప్పించు, ఆకారం ఒక్క పిసరు తేడా ఉన్నా దూరదు.

మెటల్ ప్యాడ్లు వేయమంటారా అని నువ్వు అడగలేదు గానీ షాపులో కచ్చితంగా అంటగడతారు కాబట్టి చెప్తున్నా. బురదకి, వానకి మెటల్ ప్యాడే ఎక్కువ కాలం వస్తది, వేడిని కూడా బాగా తట్టుకుంటది, నిజమే. కానీ తక్కువ ధర సైకిళ్లలో వచ్చే డిస్క్ ప్లేట్ల మీద "రెజిన్ ప్యాడ్ ఓన్లీ" అని ఇంగ్లీషులో చెక్కి ఉంటది, ఆ ప్లేటు మెత్తని ఉక్కు, మెటల్ ప్యాడ్ వేస్తే ప్లేటునే తినేస్తది. నీ ప్లేటు మీద ఆ రాత ఉంటే రెజిన్ ప్యాడే. ప్లేటు మందం కూడా చూసుకో, షిమానోవి కొత్తప్పుడు 1.8 మి.మీ., 1.5కి దిగితే మార్చాలి, వెర్నియర్ కాలిపర్స్ లేత్ షాపులో ఉంటది, అడిగితే కొలిచి ఇస్తారు. సెకండ్ హ్యాండ్ అన్నావు కాబట్టి ఇది వదలకుండా చూడు.

డిస్క్ ప్లేటు కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మంచిది, ల్యాబ్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుద్ది. అది దొరక్కపోతే గిన్నెలు తోమే లిక్విడ్, వేడి నీళ్లు వేసి కొత్త స్క్రబ్బరుతో రుద్ది మంచి నీళ్లతో బాగా కడిగెయ్, అది కూడా పని చేస్తది. హ్యాండ్ శానిటైజర్ వాడొద్దు, చేతులు పొడిబారకుండా అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, అవి ప్లేటు మీద పొరలా ఉండిపోతాయి. పెట్రోలుతో తుడవడం కూడా వద్దు. గుడ్డ విషయంలో జాగ్రత్త, చైను తుడిచిన గుడ్డతోనే డిస్క్ తుడిచి మళ్లీ మొదటికి తెచ్చుకునేవాళ్లే ఎక్కువ, డిస్కుకి ఉతికిన కొత్త గుడ్డ ఒకటి విడిగా కవర్లో పెట్టుకో. వేళ్లతో కూడా ప్లేటు ముట్టుకోకు, ఒంటి జిడ్డు చాలు అరవడానికి. చైనుకి ఆయిల్ వేసేటప్పుడు స్ప్రే కాకుండా చుక్కలు చుక్కలుగా పడే సీసా వాడు, స్ప్రే అంటే గాలికి పోయి వెనక డిస్కు మీదే పడుద్ది.

కొత్త ప్యాడ్లు వేయగానే బ్రేకు సరిగా పట్టదు, భయపడకు, వాటిని కూర్చోబెట్టాలి. పొద్దున్నే జనం లేనప్పుడు కాలవ గట్టు రోడ్డు మీదకి తీసుకెళ్లు, ధాన్యం ఆరబోసిన రోడ్డు, గడ్డి పరిచిన రోడ్డు కాకుండా చూసుకో, గంటకి 20, 25 కిలోమీటర్ల వేగానికి వచ్చి బ్రేకు సమంగా గట్టిగా పట్టి నడక వేగం దాకా తగ్గించు, పూర్తిగా ఆపకు, చక్రం జారనివ్వకు, వదిలేసి మళ్లీ వేగం పెంచు. ముందుదానికి ఒక 20 సార్లు, వెనకదానికి ఒక 20 సార్లు. అలా చేస్తే ప్యాడ్ పదార్థం ప్లేటు మీద సన్నగా సమంగా అంటుకుంటది, అసలు పట్టు వచ్చేది ఆ పొర వల్లే. మన డెల్టా అంతా పళ్లెంలా చదును, ఇక్కడ తిరిగేవాళ్లు బ్రేకుని గట్టిగా నొక్కే అవసరమే రాదు, వేళ్లు ఆనించి ఆనించి తోలుతుంటారు, అందుకే మన సైకిళ్లలో ప్యాడ్లు అరగడం కంటే నున్నబడిపోవడం ఎక్కువ. అప్పుడప్పుడు ఇలా నాలుగు గట్టి బ్రేకులు కొడుతుంటే ఆ సమస్య రాదు.

ఇక వెనక బ్రేకు. నాలుగైదుసార్లు కొడితే గట్టిపడి కాసేపటికి మళ్లీ మెత్తబడుద్ది అని రాశావు చూడు, అది గాలి ఉందని చెప్పే గుర్తు. చేలో మోటారు పైపులో ఎయిర్ పడితే మోటారు తిరుగుద్ది గానీ నీళ్లు ఎక్కవు కదా, ఇదీ అంతే, ఆయిల్ నొక్కితే కుదించుకోదు కాబట్టి నీ వేలి బలం నేరుగా పిస్టన్‌కి పోద్ది, మధ్యలో గాలి బుడగ ఉంటే ఆ బలమంతా బుడగ నలగడానికే సరిపోద్ది. లివర్ దగ్గర ట్యాంకులో ఎప్పుడూ కొంచెం గాలి ఉండొచ్చు, సైకిల్ నిలబడి ఉన్నంతసేపు అది పైనే ఉంటది కాబట్టి తెలీదు. నువ్వు ఆటోలో తిరగేసి తెచ్చావు, కుదుపులకి ఆ గాలి పైపులోకి జారింది. ప్యాడ్లు బాగా అరిగి ఉంటే ట్యాంకులో ఆయిల్ ఇంకా తక్కువగా ఉంటది కాబట్టి గాలి జారడం ఇంకా తేలిక, అందుకే వెనక ప్యాడ్లు కూడా తీసి చూడమంటున్నా.

దీనికి ముందు పైసా ఖర్చు లేని పని చెయ్యి. సైకిల్ నిలబెట్టి, ముందు చక్రం కింద రెండు ఇటుకలు పెట్టి లివర్ అన్నిటికన్నా పైన ఉండేలా చూడు, పైపు పొడుగునా, క్యాలిపర్ మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడుతూ లివర్ నిదానంగా నొక్కుతూ వదులుతూ ఉండు. తర్వాత లివర్ నొక్కి పట్టి ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కి కట్టేసి రాత్రంతా వదిలెయ్. ఒత్తిడికి బుడగలు చిన్నవై మెల్లగా పైకి చేరతాయి, పొద్దున్న విప్పగానే ట్యాంకులోకి వెళ్లిపోతాయి. చాలామందికి దీనితోనే బాగవుద్ది. కానీ ఆ గాలి ట్యాంకులోనే ఉంది, ఎక్కడికీ పోలేదు, మళ్లీ తిరగేస్తే మళ్లీ వస్తది, మారేడుమిల్లి వెళ్లేముందు మాత్రం సరైన పద్ధతిలో ఎయిర్ తీయించాల్సిందే.

ఎయిర్ తీయడం పెద్ద విద్యేం కాదు, ఓపిక, శుభ్రం ఉండాలి అంతే. షిమానోకి ఒక చిన్న గరాటు, ఒక సిరంజి పైపుతో, మినరల్ ఆయిల్ సీసా కలిపి కిట్టు దొరుకుద్ది. ఆ ఆయిల్ ఎర్రగా ఉంటది, మగురాది నీలంగా. మొదట ఆ బ్రేకు ఉన్న చక్రం, ప్యాడ్లు తీసి దూరంగా పెట్టెయ్, ఒక్క చుక్క పడ్డా కొత్త ప్యాడ్లు పాడు. పిస్టన్లు లోపలికి నెట్టి మధ్యలో కిట్టులో వచ్చే ప్లాస్టిక్ దిమ్మ పెట్టు. హ్యాండిల్ మీద లివర్ వదులుచేసి నేలకి సమంగా తిప్పి, పైన చిన్న స్క్రూ తీసి, దాని కింద సన్నటి రబ్బరు రింగు పారేసుకోకుండా, గరాటు బిగించి కొంచెం ఆయిల్ పోయ్. కింద క్యాలిపర్ దగ్గర నిపిల్, అంటే ఆయిల్ పోయే చిన్న తూము స్క్రూ ఉంటది, మోడల్‌ని బట్టి 7 మి.మీ. స్పానరు గానీ 3 మి.మీ. అలెన్ కీ గానీ పడుద్ది, దానికి ఆయిల్ నింపిన సిరంజి పైపు తగిలించి నిపిల్ కొంచెం వదులుచేసి కిందనుంచి పైకి మెల్లగా నెట్టు, గరాటులో బుడగలు లేస్తూ కనపడతాయి, పాత ఆయిల్ నల్లగా వస్తే కొత్త రంగు వచ్చేదాకా నెట్టు, గరాటు నిండితే కొంచెం తీసెయ్. నిపిల్ మూసేసి సిరంజి తీసెయ్. తర్వాత అక్కడ ఖాళీ పైపు, చివర చిన్న సీసా పెట్టి, లివర్ గట్టిగా నొక్కి పట్టుకుని నిపిల్‌ని అర సెకను తెరిచి మూసెయ్, రెండు మూడుసార్లు, మిగిలిన బుడగ ఏదన్నా ఉంటే టప్పున దానిలోంచి బయటికి పోద్ది. లివర్ వదలకుండానే నిపిల్ మూయాలి, ముందు లివర్ వదిలావంటే గాలి మళ్లీ లోపలికి పీల్చుకుంటది. ఆఖర్న లివర్ని కొంచెం పైకీ కిందకీ వంచి నొక్కుతూ ఉండు, మూలల్లో దాక్కున్న బుడగలు గరాటులోకి వస్తాయి. లివర్ రాయిలా గట్టిగా తగిలిందంటే అయిపోయినట్టే. స్క్రూ బిగించి, చెయ్యి పడ్డ ప్రతి చోటా ఆల్కహాల్‌తో తుడిచి అప్పుడు ప్యాడ్లు వెయ్యి. సీసా మూత తీసి ఏళ్లయిన ఆయిల్ వాడకు. వాడిన ఆయిల్ కాలవలో పారబోయొద్దు తమ్ముడూ, మన మంచినీళ్ల చెరువులు నింపేది ఆ కాలవలోంచే, సీసాలో పోసి మెకానిక్ షెడ్డులో పాత ఇంజనాయిల్ డబ్బాలో పోయించెయ్.

ఒంటరిగా చేయలేననిపిస్తే కిట్టు తెప్పించుకుని మీ మెకానిక్ దగ్గరికే వెళ్లు, ఇద్దరూ కలిసి చేసుకోండి, బైకులకి రోజూ ఎయిర్ తీసే చెయ్యి ఆయనది, నిపిల్ తెరిచి మూసే లెక్క నీకన్నా ఆయనకే బాగా వచ్చు. ఆయిల్ మాత్రం నీ సీసాలోదే, సిరంజి కూడా నీదే, ఆయన సిరంజిలో డాట్ ఆయిల్ తడి ఉంటది.

ఎయిర్ తీశాక కూడా ఒక పరీక్ష చెయ్యి. లివర్ గట్టిగా నొక్కి అలాగే ఒక నిమిషం పట్టుకో. కదలకుండా నిలిస్తే మంచిది. మెల్లగా హ్యాండిల్ వైపు దిగిపోతుంటే ఎక్కడో కారుతుంది, పైపు లివర్లోకి దూరే జాయింటు, క్యాలిపర్ జాయింటు, పిస్టన్ చుట్టూ, ఈ మూడు చోట్లా తెల్ల కాయితంతో అద్దిచూడు. జాయింటైతే బిగిస్తే సరిపోవచ్చు. బయట ఎక్కడా తడి లేకుండా దిగిపోతుంటే లివర్ లోపలి సీలు పోయినట్టు, ఆ లివర్ మార్చాలి. పిస్టన్ దగ్గర కారితే ఆ క్యాలిపర్‌ని నమ్ముకుని ఎక్కడికీ వెళ్లకు. సెకండ్ హ్యాండ్ అన్నావు కాబట్టి పాత ఓనరు ఏం పోశాడో కూడా ఒకసారి అడుగు, వచ్చిన పాత ఆయిల్ ఎరుపో, ఎరుపు ముదిరిన నలుపో కాకుండా తేనె రంగులో ఉంటే డాట్ ఏమో అని అనుమానించాలి.

ప్లేటు ప్యాడ్‌కి రాసుకుంటూ సర్ సర్ మంటే దానికీ ఆయిల్‌కీ సంబంధం లేదు. మొదట చక్రం నిటారుగా కూర్చుందో లేదో చూడు, తర్వాత క్యాలిపర్ పట్టుకునే రెండు బోల్టులు వదులుచేసి, లివర్ నొక్కి పట్టుకుని, బోల్టులు ఒకటి మార్చి ఒకటి కొంచెం కొంచెం బిగించు, షిమానోకి 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు, అంటే చిన్న అలెన్ కీతో గట్టిగానే గానీ పైపు తగిలించి లాగకూడదు. ఒక పిస్టన్ మాత్రమే కదిలి రెండోది కదలకపోతే అది బురదకి పట్టేసినట్టు. ప్యాడ్లు తీసి లివర్ చాలా కొంచెం నొక్కి పిస్టన్ రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రం బయటికి రానిచ్చి, అంచుల్ని దూది పుల్లతో అదే మినరల్ ఆయిల్ రాసి తుడిచి, ప్లాస్టిక్ టైర్ లివరుతో లోపలికి నెట్టు, అలా నాలుగైదుసార్లు చేస్తే వదులవుద్ది. తుప్పు వదిలే స్ప్రేలు, కిరసనాయిల్ ఆ రబ్బరు దగ్గరికి రానివ్వకు.

మన దగ్గర వాతావరణం సంగతి కూడా చూసుకోవాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగొస్తే ఉప్పు గాలికి బోల్టులు, ప్యాడ్ పిన్ను తుప్పు పట్టి ఇరుక్కుపోతాయి, సఖినేటిపల్లి రేవులో పంటు మీద దాటినా బురద నీళ్లు తగులుతాయి, ఇంటికి రాగానే మామూలు పైపుతో, బకెట్‌తో మంచినీళ్లు పోసి కడుగు, ప్రెషర్ గన్ను వద్దు. రొయ్యల చెరువుల గట్లు అయితే ఇంకా జాగ్రత్త, ఆ నీళ్లలోనూ ఉప్పు ఉంటది. ఏటి ఒండ్రు ఆరితే గరుకు కాయితంలా ప్యాడ్‌ని అరగదీస్తది, అందుకని బురద పచ్చిగా ఉండగానే కడిగెయ్. మినరల్ ఆయిల్ ఏడాదికోసారి మారిస్తే చాలు. మీ ఫ్రెండ్స్‌లో ఎవరిదన్నా డాట్ ఆయిల్ సైకిల్ అయితే వాళ్లకి గట్టిగా చెప్పు, ఆ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటది, కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క, తేమ పట్టాక అది 155కి పడిపోద్ది, మన తేమ గాలిలో ఏడాది దాటనివ్వకుండా మార్చేయాలి. మినరల్ ఆయిల్‌లో నీళ్లు కలవవు, నిజమే, కానీ లోపలికి పోయిన నీటి చుక్క విడిగా అడుక్కి, అంటే వేడెక్కే క్యాలిపర్ దగ్గరికే చేరి 100 డిగ్రీలకే ఆవిరవుద్ది. చదును నేల మీద తిరిగినన్నాళ్లూ ఇది తెలీదు.

మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ దిగితే తెలుస్తది. అందుకే కొత్త ప్యాడ్లు, ఎయిర్ తీయడం కనీసం వారం ముందే పూర్తిచేసి, ప్యాడ్లు కూర్చోబెట్టి, చించినాడ వంతెన లాంటి ఎత్తు పల్లం ఉన్న చోట రెండు మూడుసార్లు ఎక్కి దిగి చూసుకో. ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకుని కిలోమీటర్ల కొద్దీ ఆనించి పట్టుకోకు, మలుపు ముందు రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి పూర్తిగా వదిలెయ్, ఆ వదిలిన కాసేపే ప్లేటు చల్లారుద్ది. ముందు బ్రేకంటే భయపడి వెనకదొక్కటే పట్టేవాళ్లున్నారు, ఆపే బలం ఎక్కువ ముందుదానిదే, ఒంటి బరువు కొంచెం వెనక్కి వేసి రెండూ కలిపి వాడు. లివర్ మెత్తబడ్డట్టు అనిపించినా, మాడు వాసన వచ్చినా అక్కడే పక్కకి ఆపి పావుగంట ఆగు, ప్లేటు చేత్తో ముట్టుకోకు, చర్మం అంటుకుపోద్ది, నీళ్లు కూడా పోయొద్దు, ప్లేటు వంకరపోద్ది. బ్యాగులో ఒక జత ప్యాడ్లు, అలెన్ కీలు, శుభ్రమైన గుడ్డ, ఆ ప్లాస్టిక్ ముక్క పెట్టుకో. రాజమండ్రి దాకా మళ్లీ ట్రాలీలోనే తీసుకెళ్లేట్టయితే ఈసారి సైకిల్ నిలబెట్టే కట్టండి.

ఈలోగా ముందు బ్రేకు ప్యాడ్లు మార్చేదాకా సైకిల్ రోడ్డెక్కించొద్దు. వెనక బ్రేకు రాత్రి కట్టి పొద్దున్న విప్పాక ఎలా ఉందో, వచ్చిన పాత ఆయిల్ రంగేంటో నాకు రాయి.